పాప కిడ్నీకి జీన్ టెస్టు: చేయించాలా వద్దా అని అడిగేవాళ్లకు

పరీక్షకు నాలుగు స్టార్లు. రిపోర్టుకు రెండు. రక్తం తీసుకునే ఏర్పాటుకు మూడు. ఆ తర్వాత ఫోన్లో జరిగిన కౌన్సెలింగుకు ఐదు. ఆరు ఇచ్చే వీలుంటే ఆరు.

కంపెనీ పేరు రాయడం లేదు. మంచి రాస్తే కమీషన్ తీసుకున్నాడంటారు, చెడు రాస్తే ఏదో పగ అంటారు. ఈ ఎక్సోమ్ పరీక్ష (జీన్లలో ప్రోటీన్లను తయారుచేసే భాగాలను చదివే టెస్టు) చేసే ల్యాబులు చాలానే ఉన్నాయి, పద్ధతి దాదాపు అన్నిట్లో ఒకటే. కడపలో ఉంటూ ఇలాంటి టెస్టు చేయించాల్సి వస్తే ఏం అడగాలి, ఏం ఆశించాలి అన్నది చెబుదామనే ఇది రాస్తున్నా. నేను బస్టాండులో ఆర్టీసీ కంట్రోలర్ని. డాక్టర్ని కాదు.

విషయం క్లుప్తంగా చెప్తా. మా పాపకు ఐదేళ్లు దాటాయి. స్కూల్లో బోర్డు కనపడటం లేదంటే కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాం. ఆయన లోపల లైటేసి చాలాసేపు చూసి, కంటి నరం మొదలయ్యే చోట గుంటలాగా ఉంది, పుట్టుకతో వచ్చినట్టుంది, ఒకసారి కిడ్నీల స్కానింగు కూడా చేయించండి అన్నాడు. కంటికి చూపిస్తే కిడ్నీ స్కానింగు ఏందని మా బావమరిది ఎగతాళి చేసినాడు. స్కానింగులో రెండు కిడ్నీలూ వయసుకు ఉండాల్సిన దానికంటే చిన్నవని తేలింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. తిరుపతిలో పిల్లల కిడ్నీ డాక్టరు దగ్గరికి పోతే, స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు జీన్ టెస్టు చేయిద్దాం అన్నారు. ఆ కంటి డాక్టరుకు మేం ఎంత రుణపడ్డామో తర్వాత అర్థమైంది.

ముందు, రక్తం తీసుకునే ఏర్పాటు. ఇంటికే మనిషి వస్తాడన్నారు, వచ్చినాడు. చెప్పిన టైముకు కాదు. మా బస్సులు నయం. అబ్బాయి చేతివాటం మాత్రం మంచిది, పాప ఏడ్చేలోపే అయిపోయింది. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్లు, అంతే. మా ఇద్దరి దగ్గర కూడా తీసుకున్నాడు. తల్లిదండ్రుల రక్తం కూడా కలిపి చేయించమని డాక్టరు ముందే రాసిచ్చారు. దానికి డబ్బు ఎక్కువవుతుంది కానీ ఒప్పుకోండి, ఎందుకో కింద చెప్తా. నాకు నచ్చనిది సమ్మతి పత్రం. పేజీల కొద్దీ ఇంగ్లీషు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడం తప్ప ఆ అబ్బాయికి అందులో ఏముందో తెలియదు. మన ఊళ్లలో తిరిగే కంపెనీ తెలుగులో ఒక్క కాగితం అచ్చు వేయించుకోలేదా? ఒక స్టారు అక్కడ పోయింది, ఇంకోటి ఆలస్యానికి.

రక్తం కంటే ముందే, జీన్ టెస్టు సంగతులు మనకు వివరించి చెప్పే కౌన్సెలర్ అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి మా వంశవృక్షం రాసుకుంది. వీడియోలో కాగితం చూపిస్తూనే గీసింది. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పాప దగ్గర ఒక బాణం. మీ ఇద్దరూ చుట్టాలా అని అడిగింది. మామ కూతురే అన్నా. అప్పుడు నా చతురస్రానికీ నా భార్య గుండ్రానికీ మధ్య ఉన్న గీత పక్కనే ఇంకో గీత గీసింది. జంట గీత అంటే మేనరికమని అర్థమట. దాన్ని చూసి నా భార్య మొహం మాడిపోయింది. పాపకు బాగలేదని తెలిసినప్పటి నుంచీ ఎవరిని కలిసినా మొదటి మాట అదే కదా: "మేనరికం చేసుకున్నారు, అందుకే."

మా అమ్మ మాత్రం ఆ మాట ఒప్పుకోదు. ఆ పెళ్లి కుదిర్చింది ఆమే. తమ్ముడి కూతుర్ని పట్టుబట్టి తెచ్చుకుంది. ఆమె లెక్కలో కారణం 2019 డిసెంబరు 26 నాటి సూర్యగ్రహణం. "ఆరో నెల కడుపుతో వంటింట్లో కత్తిపీట ముట్టుకునింది, వద్దే అంటే యినిందా?" అంటుంది. మేనరికం అంటే తప్పు తన మీదికొస్తుంది, గ్రహణం అంటే కోడలి మీదికి పోతుంది. ఈ రెంటి మధ్యా మా ఇంట్లో చాలా రోజులు అన్నం సహించలేదు.

ఇక రిపోర్టు. చెప్పిన గడువు దాటి, నేను రెండు మూడుసార్లు ఫోన్ చేసినాక వచ్చింది. చూసిన వెంటనే చదివి అర్థం చేసుకునే సరుకు కాదు. మొదటి పేజీలో ఒక పెట్టె, అందులో జీన్ పేరు పాక్స్2, పక్కన 'సి.76 డ్యూప్' అని ఒక కోడు, దాని పక్కన 'వ్యాధికారకం' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. మిగతా పేజీలన్నీ మేం ఏది చూశాం, ఏది చూడలేదు, మాకు బాధ్యత లేదు అనే రాతలు. ఎర్ర అక్షరాల్లో ఉన్న ఆ ఒక్క మాట చూసి మనిషి రాత్రంతా నిద్రపోడు. కౌన్సెలింగు రోజే రిపోర్టు చేతికివ్వాలి తప్ప ముందుగా వాట్సాప్‌లో పడేయకూడదు. రెండు స్టార్లే అందుకే.

కౌన్సెలింగు గంటకు పైనే సాగింది. ఆ అమ్మాయి తెలుగు అచ్చంగా మనవైపు తెలుగే. నేను మొదట అడిగింది ఒకటే: "అమ్మా, జబ్బు కిడ్నీలో, కంట్లో ఉంది. మీరు చేతిలోంచి రక్తం తీసుకున్నారు. రక్తంలో ఏం దొరుకుతుంది?"

ఒంట్లో కణాలన్నీ ఒకే కణం నుంచి వచ్చినవే కాబట్టి డీఎన్ఏ అన్నిట్లోనూ ఒకటే ఉంటుంది సార్, అందుకే రక్తంలో చదివినా సరిపోతుంది అంది. ఆ లెక్కన పాప కాలి గోరు దగ్గరి చర్మంలోనూ ఈ తప్పు ఉన్నట్టే కదా, మరి కాలికి ఏమీ కాలేదేం అన్నా. అక్కడే అసలు సంగతి మొదలైంది. జీన్ ఉండటం వేరు, దాన్ని చదవడం వేరు. ఏ కణం ఏ జీన్లను చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎప్పుడు ఆపాలి అని నిర్ణయించే డీఎన్ఏ ముక్కలు జీన్‌కు పక్కనే గానీ చాలా దూరంలో గానీ వేరే ఉంటాయి. వాటి మీద కొన్ని ప్రోటీన్లు వచ్చి కూర్చుంటేనే ఆ జీన్ పని మొదలవుతుంది. నాకు మా డిపోలే గుర్తొచ్చాయి. జిల్లాలో అన్ని డిపోలకూ ఒకే పెద్ద టైమ్ టేబుల్ పుస్తకం ఇచ్చారనుకోండి. బద్వేలు డిపోలో పులివెందుల సర్వీసుల పేజీ కూడా ఉంటుంది, దాన్ని తెరిచే పని అక్కడెవరికీ పడదు. ఆ పేజీలో అచ్చుతప్పు ఉన్నా బద్వేల్లో ఒక్క బస్సూ ఆగదు. అదే చెప్తే ఆ అమ్మాయి నవ్వి, వేరేవాళ్లకు కూడా ఇదే చెప్తా సార్ అంది.

పాక్స్2 పేజీ తెరుచుకునేది కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు. కిడ్నీ అయ్యే చోట, కంటి నరం కాడ అయ్యే చోట, లోపలి చెవిలో, మెదడులో ఒక భాగంలో. అందుకే కంటి డాక్టరు కిడ్నీ స్కానింగు రాసిచ్చినాడు. 1995లో ఒక కుటుంబంలో కంటి గుంటా, కిడ్నీ జబ్బూ కలిసి ఉంటే వెతికి, కారణం ఈ జీనేనని కనిపెట్టారట. మరుసటి ఏడాదే ఎలుకల్లో కూడా సరిగ్గా మా పాపకున్న చోటే, పాపకున్న తప్పే దొరికింది. ఆ ఎలుకలకూ కిడ్నీలు చిన్నవే. పాపకు చెవి పరీక్ష కూడా చేయించమని అప్పుడే చెప్పింది. చేయించాం, బాగానే ఉంది.

కిడ్నీ ఎలా తయారవుతుందో ఆ అమ్మాయి చెప్పిన తీరు కోసమే నేనీ ఐదు స్టార్లు ఇచ్చింది. కాగితం మీద పెన్సిల్‌తో ఒక గొట్టం గీసి, దాని నుంచి పక్కకు ఒక మొగ్గ గీసింది. ఆ మొగ్గకు ఎదురుగా చుక్కలు చుక్కలుగా ఒక కణాల ముద్ద. గర్భం ఐదో వారంలో ఆ ముద్ద జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని బయటికి వదులుతుంది. మొగ్గ మీద దాన్ని పట్టుకునే రెట్ అనే గ్రాహకం ఉంటుంది. పట్టుకోగానే మొగ్గ ముద్దలోకి దూరి కొమ్మలు వేయడం మొదలెడుతుంది. మళ్లీ మొగ్గ తన వైపు నుంచి డబ్ల్యూఎన్టీ అనే కుటుంబంలోని ప్రోటీన్లను వదిలితే, ముద్దలోని కణాలు దగ్గరదగ్గరగా చేరి, గొట్టాలుగా చుట్టుకుని, రక్తం వడకట్టే నెఫ్రాన్లు అవుతాయి. రెండు వైపులా మాట నడవాలి. ఒక వైపు ఆగితే రెండో వైపూ ఆగిపోతుంది. 1950లలోనే గ్రోబ్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ఎలుక పిండాల్లో మొగ్గనూ ముద్దనూ విడదీసి వేరువేరుగా పెంచి చూశాడట. ఏదీ ఒంటరిగా కిడ్నీ కాలేదు.

మరి మన పాక్స్2 ఏ పక్క ఉంది అంటే, రెండు పక్కలా ఉందంది. ముద్దలో జీడీఎన్ఎఫ్ పుట్టడానికీ అది కావాలి, మొగ్గలో రెట్ ఉండటానికీ అది కావాలి. ఈ జీన్‌కు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఎలుకల్లో ఆ రెండూ తీసేస్తే అసలు కిడ్నీలే రావు. మా పాపకు ఒక కాపీ బాగుంది, ఒకటి చెడింది. ఒకటి బాగున్నప్పుడు అది చాలదా అని నా భార్య అడిగింది. చాలా జీన్లకు చాలుతుందట. ఇలాంటి, వేరే జీన్లను నడిపించే జీన్లకు మోతాదు ముఖ్యం, సగం అయితే చాలదు. సగం మోతాదుతో మొగ్గ కణాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా చచ్చిపోతాయి, కొమ్మలు తక్కువ పడతాయి, కొమ్మలు తగ్గితే నెఫ్రాన్లూ తగ్గుతాయి. మామూలుగా ఒక్కో కిడ్నీకి సగటున పది లక్షల దాకా ఉంటాయి. గర్భం 36 వారాలు దాటాక కొత్తగా ఒక్కటి కూడా పుట్టదు. ఉన్న కొద్ది నెఫ్రాన్లే మొత్తం పని మోసి మోసి అలసిపోతుంటే ప్రోటీన్ కారుతుంది. వడకట్టే జల్లెడ మీద ఒంటి రోగనిరోధక శక్తి దాడి చేయడం వల్ల వచ్చిన జబ్బు కాదు ఇది, అందుకని స్టెరాయిడ్లతో ప్రయోజనం ఉండదు అంది.

నేను ఇంకో ప్రశ్న వేశా. కంట్లో కూడా పాక్స్2 తెరుచుకుంటుంది కదా, కంట్లో కిడ్నీ ఎందుకు మొలవదు? దీనికి ఆ అమ్మాయి చాలా సంతోషపడింది. పాక్స్2 ఒంటరిగా పని చేయదట. కిడ్నీ ముద్దలో హాక్స్11 గుంపు జీన్ల ప్రోటీన్లు, ఇయా1 అనే ఇంకో ప్రోటీన్, పాక్స్2, ఇవి మూడూ కలిసి కూర్చుంటేనే జీడీఎన్ఎఫ్ లాంటి కిడ్నీ జీన్ల పని మొదలయ్యేది. ఆ హాక్స్11 కంటి దగ్గర ఉండదు. పాక్స్2 ఒకటే, జతగాళ్లు వేరు, అందుకే పనీ వేరు. ఎలుకల్లో హాక్స్11 గుంపులోని మూడు జీన్లనూ తీసేస్తే, పాక్స్2 బాగున్నా కిడ్నీ రాదు. ఇంతవరకు నేను జీన్ అంటే ఒక్కో దానికి ఒక్కో పని రాసిపెట్టి ఉంటుందనుకునేవాణ్ణి.

పని అయిపోయాక ఆపడం కూడా అంతే ముఖ్యమట. నెఫ్రాన్‌లో వడకట్టే కణాలు తయారవుతున్నప్పుడు డబ్ల్యూటీ1 అనే ఇంకో జీన్ పెరిగి పాక్స్2ను అణచివేస్తుంది. ఎలుకల్లో పాక్స్2 ఆగకుండా నడిచేటట్టు చేస్తే కిడ్నీలు చెడినాయి. పిల్లలకొచ్చే విల్మ్స్ ట్యూమర్ అనే కిడ్నీ గడ్డల్లో కూడా అది ఆగకుండా నడుస్తూ కనపడుతుందట. మాకు దానితో సంబంధం లేదని వెంటనే చెప్పింది, నా భార్య భయపడింది చూసి.

ఆ కోడు సంగతి. పాక్స్2లో ఒక చోట 'జీ' అనే అక్షరం వరసగా ఏడుసార్లు ఉంటుంది. పాపలో ఎనిమిది ఉన్నాయి. డీఎన్ఏను మూడేసి అక్షరాల చొప్పున చదువుతారు కాబట్టి, ఒక్కటి ఎక్కువైతే అక్కడి నుంచి అన్నీ జరిగిపోతాయి. సుమారు నాలుగొందల ముక్కలుండాల్సిన ప్రోటీన్ 26వ ముక్క నుంచే దారి తప్పి, కొద్ది దూరం పోయి ఆగిపోతుంది. ఒకే అక్షరం వరసగా అన్నిసార్లు ఉన్న చోట కాపీ చేసేటప్పుడు తప్పు పడటం తేలికట. అందుకే ఒకదానితో ఒకటి సంబంధం లేని కుటుంబాల్లో, వేరే వేరే దేశాల్లో సరిగ్గా ఈ తప్పే మళ్లీ మళ్లీ దొరుకుతోంది.

మా ఇద్దరి రక్తంలోనూ ఆ ఎనిమిదో జీ లేదు. పాపలోనే కొత్తగా వచ్చింది. తల్లిదండ్రుల రక్తం కూడా ఇమ్మన్నది ఇందుకే. రెండు పక్కల నుంచి రెండు చెడ్డ కాపీలు కలిస్తే వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. పుట్టిన నెలల్లోనే ప్రోటీన్ పోయే నెఫ్రిన్ జీన్ జబ్బు అలాంటిదే, వాటికి మేనరికం నిజంగానే ముప్పు పెంచుతుంది. మాది ఆ రకం కాదు. ఒక్క కాపీ చెడినా వచ్చేది, అదీ కొత్తగా చెడింది. మేం చుట్టాలు కాకపోయినా రాగలిగేదే. ఇక గ్రహణం మాటకొస్తే, ఆ అక్షరం పాప మొదటి కణంలోనే ఉంది సార్, డిసెంబరు నాటికి ఎప్పుడో అయిపోయిన పని అది అంది. స్పీకర్ పెట్టి ఉంది. వంటింటి గడపలో కూర్చున్న మా అమ్మ విన్నది. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కోడలికి కాఫీ తనే కలిపిచ్చింది.

ఇప్పుడు ఈ టెస్టుతో ఉన్న చిక్కు, ఏ ల్యాబుదైనా సరే. ఎక్సోమ్ అంటే ప్రోటీన్లను తయారుచేసే భాగాలను మాత్రమే చదవడం. డీఎన్ఏ మొత్తం 300 కోట్ల అక్షరాల్లో అది నూటికి ఒకటి రెండు పాళ్లే. జీన్‌ను ఎక్కడ, ఎప్పుడు తెరవాలో చెప్పే ఆ దూరపు ముక్కలు చాలావరకు ఈ టెస్టులో చదవనే చదవరు. నా డిపో భాషలో చెప్పాలంటే పేజీలో అచ్చుతప్పు పట్టుకుంటుంది గానీ పేజీ తెరిచేవాడు రాకపోతే పట్టుకోలేదు. మాకు తెలిసిన ఒక ప్రొద్దుటూరు కుటుంబానికి 'ఏమీ దొరకలేదు' అని వచ్చింది. అబ్బాయికి జీన్ల దోషం లేదంట అని ఊరంతా చెప్పుకున్నారు. దొరకలేదంటే లేదని కాదు, చదివిన చోట లేదని. ఈ మాట రిపోర్టు వెనక ఎక్కడో సన్న అక్షరాల్లో ఉంది. ముందు పేజీలో పెద్దగా ఉండాలి. పరీక్షకు ఐదు కాకుండా నాలుగు ఇచ్చింది ఇందుకే.

ఒరిగిందేమిటని చుట్టాలు అడుగుతున్నారు. జబ్బు నయం కాలేదు, పోయిన నెఫ్రాన్లు రావు. కానీ స్టెరాయిడ్లు తప్పినాయి. ఆ మందులతో ఉబ్బిపోయిన పిల్లల్ని ఆసుపత్రి వరండాలో చూసినవాళ్లకు అది చిన్న సంగతి కాదు. బీపీ అదుపులో పెట్టి ప్రోటీన్ తగ్గించే మందు నడుస్తోంది. ఒళ్లు నొప్పులని, జ్వరమని మెడికల్ షాపులో తెచ్చే నొప్పి బిళ్లలు ఇంట్లోకే రానివ్వడం లేదు. ముందుముందు పాపకు కిడ్నీ మార్చాల్సి వస్తే, ఈ జీన్ వరకు మా ఇద్దరిలో ఎవరైనా ఇవ్వొచ్చని తెలిసింది. రెండో బిడ్డ సంగతి కూడా అడిగినాం. రక్తంలో కనపడకపోయినా మా అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నిట్లో ఈ తప్పు ఉండే అవకాశం ఉంటుందట. అందుకని చాలా తక్కువ గానీ సున్నా కాదు అంది. సున్నా అని చెప్పి పంపించనందుకే నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది. పాప పెద్దయి తల్లి అయితే మాత్రం ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అది ఆమెకు ఎప్పుడు చెప్పాలో మేమింకా అనుకోలేదు.

చేయించేవాళ్లు రేటు ముందే రాతలో తీసుకోండి. కౌన్సెలింగు అందులో కలిసి ఉందో, వేరే కట్టాలో అడగండి. కొన్ని చోట్ల వేరే. తెలుగులో మాట్లాడే మనిషినే ఇమ్మని పట్టుబట్టండి. రిపోర్టుతో పాటు ముడి డేటా (ల్యాబు చదివిన డీఎన్ఏ అక్షరాల ఫైళ్లు) కూడా ఇమ్మనండి. ఏమీ దొరకని వాళ్లకు అది మరీ ముఖ్యం, కొత్త జీన్లు ఏటేటా బయటపడుతున్నాయి కాబట్టి కొన్నేళ్లకు మళ్లీ చదివించుకోవచ్చు. మేం అడిగితే మొదట కుదరదన్నారు, డాక్టరు సార్ చేత ఒక మెయిల్ పెట్టిస్తే వారంలో లింకు వచ్చింది. ఆ లింకు కొన్నాళ్లకు పనిచేయదు, వచ్చిన రోజే దించి పెట్టుకోండి.